ఎడమ కన్ను, కుడి చెయ్యి

అక్కలూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో ఉండి ఈ పత్రికని ఫోన్లో చదివే అమ్మలూ, అత్తమ్మలూ!

ఈసారి చరిత్ర వ్యాసంలో కోటలు లేవు, రాజులు లేరు. కంటి లోపల కనిపించే ఒక చిన్న మెరుపు ముక్క గురించి రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం. రాబిగ్‌లో పొద్దున ఆరున్నర, తణుకు దగ్గర మా ఊళ్ళో తొమ్మిది. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. మాటల మధ్యలో అంది: "మొన్న పొద్దున ఎడం కంటికి పైనుంచి తెర దించినట్టయిందే. ఏమీ కనపళ్ళేదు. పది నిమిషాలు కూచున్నాను, అదే పోయింది."

నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. ఆ కంటికే అంతకు ముందు శుక్లం ఆపరేషన్ అయింది కదా, లెన్స్ మసకబారిందేమో అనుకున్నాను. "నీరసం అయ్యుంటుందమ్మా, సంక్రాంతి అయ్యాక కంటి డాక్టరుకి చూపించుకో" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పదకొండో రోజున అమ్మ కుడి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. తమ్ముడు కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పక్షవాతం అన్నారు. మెడకి స్కాన్ తీస్తే ఎడమ వైపు పెద్ద నరం 80 శాతం మూసుకుపోయి ఉంది. చుక్కలు వేసి కన్ను చూస్తే, లోపల ఒక సన్న నరం చీలే చోట మెరిసే చుక్క ఒకటి ఉంది. రాత్రి తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు: "అక్కా, కన్ను ఎడమది, చెయ్యి కుడిది. రెంటికీ సంబంధం ఏంటి?"

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి డాక్టర్లకే వందేళ్ళు పట్టింది. ఆ వందేళ్ళ కథే ఇది.

వల అనే పేరు

ఇక్కడ కంటి ఆసుపత్రుల బోర్డుల మీద "షబకియ్యా" అన్న మాట చూసే ఉంటారు. కెమెరాలో ఫిల్ములాగా కంటి వెనక గోడకి అంటుకుని ఉండే పలచటి పొరకి అరబ్బీలో ఆ పేరు. మనం రెటీనా అంటాం. షబకా అంటే వల. జాలర్ల వలా షబకానే, ఫోన్ నెట్‌వర్కూ షబకానే. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా వైద్యుడు హెరోఫిలస్ ఆ పొరని వలతో పోల్చాడు. అరబ్బీ వైద్యులు ఆ మాటని తమ భాషలో షబకియ్యా అన్నారు. తర్వాత లాటిన్‌లోకి తర్జుమా చేసినవాళ్ళు వలకి తమ భాషలో ఉన్న "రేతె" అనే మాట నుంచి "రెటీనా" అన్నారు. అంటే మన చెవిన పడే ఇంగ్లీషు మాట కూడా అరబ్బీ దారిలోనే వచ్చింది.

మెడలో రెండు పక్కలా కొట్టుకునే పెద్ద రక్తనాళాన్ని కెరోటిడ్ అంటారు. గ్రీకులో మత్తు, మగత అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది, అక్కడ గట్టిగా నొక్కితే మనిషి స్పృహ తప్పుతాడని. అరబ్బీలోనూ దాన్ని సుబాతీ అంటారు. సుబాత్ అంటే గాఢనిద్ర. మెడ నరానికీ మెదడుకీ ఏదో సంబంధం ఉందని పాతవాళ్ళకి తెలుసు. దానికీ కంటికీ ఉన్న సంబంధం మాత్రం చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. బతికున్న మనిషి కంటి లోపలికి తొంగిచూసే సాధనం అప్పటికి లేదు మరి.

కంట్లోకి చూసే అద్దం

ఆ సాధనం 1851లో వచ్చింది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ కంట్లోకి వెలుగు పంపి, తిరిగి వచ్చే వెలుగులో రెటీనాని చూసే పరికరం చేశాడు. ఇప్పుడు కంటి డాక్టరు చేతిలో ఉండే ఆప్తాల్మోస్కోప్‌కి అది అమ్మమ్మ. శరీరంలో కోత పెట్టకుండా రక్తనాళాలని నేరుగా చూడగలిగే చోటు కన్నొక్కటే. మిగతా నరాలన్నీ తోలు కిందా, ఎముక కిందా దాక్కుని ఉంటాయి.

అదే రోజుల్లో బెర్లిన్‌కి చెందిన రుడాల్ఫ్ విర్కో ఇంకో సంగతి తేల్చాడు. రక్తనాళంలో ఒకచోట పుట్టిన గడ్డ ఊడి, రక్తంతో కొట్టుకుపోయి, ఇంకోచోట అడ్డుపడుతుందని. దానికి ఎంబోలిజం అని పేరు పెట్టాడు. మన రాబిగ్ ఆడవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. రిఫైనరీలో పనిచేసే మీ ఇంటాయన్ని అడగండి. పెద్ద పైపు లోపల చెత్త పేరుకుంటే, దాన్నుంచి ఊడిన ముక్క కిందికి కొట్టుకుపోయి ఎక్కడ ఇరుక్కుంటుందని. సన్నటి లైన్ చీలే చోట అంటాడు. ఒంట్లోనూ అంతే.

1859లో కంటి వైద్యుడు ఆల్‌బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫె ఈ రెండిటినీ కలిపాడు. గుండె జబ్బున్న ఒక రోగికి ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోయింది. కొత్త పరికరంతో చూస్తే రెటీనా నరంలో రక్తం ఆగిపోయి ఉంది. గుండె నుంచి వచ్చిన ముక్క కంట్లో అడ్డుపడిందని ఆయన చెప్పాడు. కన్ను చెడింది కానీ జబ్బు కంటిది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వేరే వైపు కన్ను

గ్రేఫె చూసింది పోయి తిరిగిరాని చూపు. మరి మా అమ్మకి జరిగినట్టు పోయి తిరిగొచ్చే చూపు సంగతేంటి? నరం బిగుసుకుని వదులైందని చాలా ఏళ్ళు అనుకున్నారు. చూపు తిరిగొచ్చేసింది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మనమూ అదే కదా చేస్తాం!

కెనడా డాక్టరు మిల్లర్ ఫిషర్ పట్టించుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మునిగి, జర్మన్ల చేతికి చిక్కి, ఏళ్ళ తరబడి బందీగా ఉండి వచ్చిన మనిషి. తర్వాత మాంట్రియల్‌లో పక్షవాతం రోగుల్ని చూస్తూ వాళ్ళని ఓపిగ్గా కూచోబెట్టి అడిగేవాడు, దీనికి ముందు ఏమైనా జరిగిందా అని. కొందరు చెప్పారు, కొన్నాళ్ళ ముందు ఒక కంటికి కాసేపు చీకటి కమ్మిందని. విచిత్రమేంటంటే కన్ను ఒక వైపుది, పడిపోయిన చెయ్యీ కాలూ రెండో వైపువి. అచ్చం మా తమ్ముడి ప్రశ్నే.

జవాబు మెడలో ఉంది. దవడ కిందికి వచ్చేసరికి కెరోటిడ్ నాళం రెండుగా చీలుతుంది. ఒకటి ముఖానికి, ఒకటి పుర్రె లోపలికి. లోపలికి వెళ్ళే దాన్నుంచి కంటికి ఒక కొమ్మ పోతుంది, మిగతాది అదే వైపు మెదడుకి వెళ్తుంది. ఎడమ మెడ నరంలో ముక్క ఊడితే ఎడమ కంటికి పోవచ్చు, ఎడమ మెదడుకీ పోవచ్చు. మెదడులో ఎడమ సగం నడిపేది ఒంట్లో కుడి సగాన్ని. మనలో ఎక్కువమందికి మాట కూడా ఆ ఎడమ సగంలోనే ఉంటుంది. అందుకే ఎడమ కంటికి తెర దిగిన మా అమ్మకి కుడి చెయ్యి జారింది, మాట తడబడింది.

ఫిషర్ ఈ సంగతి 1951, 1952లలో రాశాడు. 1959లో ఇంకో మెట్టు ఎక్కాడు. ఒక రోగికి చూపు పోతున్న ఆ నిమిషాల్లోనే కంట్లోకి చూస్తే, తెల్లటి పదార్థం నరాల్లో మెల్లగా కదిలి ముందుకి పోవడం కనిపించింది. ముక్క అడ్డుపడితే చీకటి, అది చితికి ముందుకి పోతే వెలుగు. చూపు తిరిగొచ్చింది అంటే జబ్బు పోయినట్టు కాదు. ఆ ఒక్క ముక్క దాటిపోయింది, అంతే. అది పుట్టిన చోటు అలాగే ఉంది.

మెరిసే ముక్కలు

1961లో అమెరికాలో మేయో క్లినిక్ కంటి వైద్యుడు రాబర్ట్ హోలెన్‌హోర్స్ట్ ఇంకో రకం ముక్కల గురించి రాశాడు. పసుపూ నారింజా కలిసిన రంగులో, గూడూరు అభ్రకం రేకులా మెరుస్తూ, సన్న నరాలు చీలే చోట కూచుని ఉండే ముక్కలు. కంటిని వేలితో కాస్త నొక్కితే అవి తళుక్కుమనేవి. ఇవి ఉన్నవాళ్ళలో చాలామందికి మెడ నరంలో జబ్బుందని ఆయన గమనించాడు. నరం గోడకి పేరుకున్న కొలెస్ట్రాల్ పెచ్చు ఊడి కంట్లోకి వచ్చిందన్నమాట. ఇప్పటికీ డాక్టర్లు వాటిని హోలెన్‌హోర్స్ట్ ప్లాక్ అనే అంటారు.

మొత్తం మీద మూడు రకాలు తేలాయి. మెరిసేవి కొలెస్ట్రాల్ ముక్కలు, ఎక్కువగా మెడ నరం నుంచో గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం నుంచో వస్తాయి. పొడుగ్గా, మసకతెల్లగా కదిలేవి రక్తపు గడ్డ ముక్కలు. సున్నంలా తెల్లగా ఉండేవి ఎక్కువగా గుండె కవాటాల నుంచి వస్తాయి. కొలెస్ట్రాల్ ముక్క పలచటి రేకు కాబట్టి పక్కనుంచి రక్తం పోతూనే ఉంటుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఊరంతా చూస్తే

ఇవన్నీ ఆసుపత్రికి వచ్చిన రోగుల కథలు. మామూలుగా ఇంట్లో తిరిగే పెద్దవాళ్ళలో ఎంతమందికి ఉంటాయి? అది తేల్చడానికి ఊళ్ళకి ఊళ్ళే కళ్ళు ఫొటో తీశారు. అమెరికాలో బీవర్ డ్యామ్ అనే ఊళ్ళో 1988 నుంచి 1990 దాకా దాదాపు 5,000 మందిని చూశారు. 100 మందిలో ఒకరికి పైన, అంటే 1.3 శాతం మందికి ఇలాంటి ముక్కలున్నాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరన బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో 49 ఏళ్ళు దాటిన 3,654 మందిని చూస్తే 1.4 శాతం. ఈ రెండు చోట్ల మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి, 2006లో లెక్కలు కలిపి చూశారు. కంట్లో ముక్క ఉన్నవాళ్ళు పక్షవాతంతో చనిపోయే ముప్పు లేనివాళ్ళకంటే రెట్టింపు ఉంది. బీపీ, పొగ తాగడం, అప్పటికే గుండెజబ్బు ఉండడం, ఇవే పదేపదే కనిపించిన కారణాలు.

మనవాళ్ళకి దగ్గరగా ఉన్న లెక్క సింగపూర్‌ది. అక్కడ చైనీయుల్ని, మలయ్‌లని, భారతీయుల్ని చూసి 2013లో రాశారు. ముగ్గురిలోనూ ఎక్కువగా కనిపించింది భారతీయుల్లోనే, దాదాపు 100కి ఒకరు. ఊరు దాటి, సముద్రం దాటి వచ్చిన మనలాంటివాళ్ళే వాళ్ళూనూ.

"పొగ మగవాళ్ళ అలవాటు కదా" అంటారేమో. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దావిడలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీకు తెలిసే ఉంటుంది. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి 1970లలోనే డాక్టర్లు రాశారు. పొగాకు చేసే చెడు నోటితో ఆగదు. నరాల గోడల్నీ పాడుచేస్తుంది.

మనకెందుకు తెలియలేదు

ఇది నన్ను నేను అడుగుకున్న ప్రశ్న. జవాబులో కొంత మన ఊళ్ళ చరిత్రలోనే ఉంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోనూ, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, మా పశ్చిమ గోదావరి జిల్లాల్లోనూ 10,293 మంది కళ్ళు పరీక్షించారు. 100 మందిలో దాదాపు ఇద్దరికి చూపు లేదు. ముఖ్య కారణాలు శుక్లాలు, అద్దాలు లేకపోవడం. అంటే బాగుచెయ్యగలిగినవే. అందుకే మన దగ్గర కంటి శిబిరమన్నా, 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగన్నా అద్దాలూ శుక్లాలే ముందు. దానివల్ల లక్షలమందికి మేలు జరిగింది. కానీ కంటి కష్టం అంటే శుక్లమే, అది నిదానంగా చూపించుకోవచ్చు అనే అలవాటు మన ఇళ్ళలో పాతుకుపోయింది. నేను సంక్రాంతి అయ్యాక అన్నది ఆ అలవాటుతోనే.

ఇంకో సంగతి. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన పక్షవాతం రోగుల లెక్కలు 2002లో రాశారు. మనవాళ్ళలో మెడ నరం కంటే పుర్రె లోపలి నరాలు సన్నబడడం ఎక్కువగా కనిపించింది. కాబట్టి మెడ స్కాన్ బాగానే ఉందంటే అంతా బాగున్నట్టు కాదు. గుండె, లోపలి నరాలు, బీపీ, షుగర్ అన్నీ చూడాలి.

వైద్యం మారిన తీరు

1954లో లండన్‌ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, పదేపదే పక్షవాతం వచ్చిపోతున్న ఒక ఇల్లాలికి మెడ నరంలో పాడైన భాగం తీసేసి మళ్ళీ అతికించారు. ఆవిడ కోలుకుంది. ఈ ఆపరేషన్ నిజంగా ఎవరికి మేలు చేస్తుందో 1991లో తేలింది. లక్షణాలు కనిపించి, మెడ నరం 70 శాతానికి పైగా సన్నబడినవాళ్ళలో, ఒట్టి మందులతో రెండేళ్ళలో అదే వైపు పక్షవాతం వచ్చినవాళ్ళు 100కి 26 మంది. ఆపరేషన్ అయినవాళ్ళలో 9 మంది.

2007లో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు ఇంకా తేలికైన సంగతి చూపించారు. ఇలా వచ్చిపోయే లక్షణాలున్నవాళ్ళకి ఆ రోజే పరీక్షలు చేసి మందులు మొదలుపెడితే, మూడు నెలల్లో మళ్ళీ పక్షవాతం వచ్చేవాళ్ళు 100కి 10 మంది నుంచి 2కి తగ్గారు. కొత్త మందేమీ కాదు. ఉన్న మందులే, త్వరగా ఇచ్చారు.

2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మినీ స్ట్రోక్ అనే మాటకి అర్థం తిరగరాసినప్పుడు మెదడు, వెన్నుపాములతో పాటు రెటీనా పేరు కూడా అందులో ఉంది. ఒక కంటికి కాసేపు చీకటి కమ్మడం కూడా మినీ స్ట్రోకే అన్నమాట. చెయ్యి పడిపోయినవాళ్ళతో పోలిస్తే కన్ను ఒక్కటే చీకటైనవాళ్ళకి ముప్పు కొంత తక్కువే. కానీ ఎవరిది తక్కువో, ఎవరిది ఎక్కువో ఫోన్లో ముఖం చూసి మనం చెప్పలేం.

చూపు పోయి తిరిగి రాకపోతే ఇంకా తొందర. పంజాబ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన సోహన్ సింగ్ హాయరే కోతుల మీద చేసిన పరిశోధనలో, రెటీనా రక్తం లేకుండా గంటన్నర దాకా తట్టుకుంది. నాలుగు గంటలకి కోలుకోలేనంత దెబ్బతింది.

ఇక మన వంతు

ఒక కంటికి నొప్పి లేకుండా ఉన్నట్టుండి తెర దిగినట్టో, మసక కమ్మినట్టో అయితే, అది ఐదు నిమిషాల్లో పోయినా సరే, ఆ రోజే పక్షవాతానికి వైద్యం చేసే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒట్టి కళ్ళజోళ్ళ దుకాణానికి కాదు. చూపు రాకపోయినా, మాట, మూతి, చెయ్యి తేడా చేసినా ఇండియాలో 108, ఇక్కడ సౌదీలో 997. జిద్దా మనకి దాదాపు 150 కిలోమీటర్లు, ఆలస్యం దారిలో కలుస్తుంది. ఇక్కడ "జల్తా" అనండి, గడ్డ అని వెంటనే అర్థమవుతుంది. పెద్దవాళ్ళకి దాంతో పాటు కణతల దగ్గర నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అదీ చెప్పండి. అది ఇంకో జబ్బు, దానికీ ఆ రోజే మందు కావాలి. తోచిన మాత్ర మీరే వెయ్యకండి. వాడే బీపీ మాత్ర మానొద్దు.

షుగర్ కోసం కళ్ళు చూపించుకున్నప్పుడు, ఏ ఇబ్బందీ లేకుండానే, లోపల మెరిసే ముక్క ఉందని చెప్తే హడలిపోకండి. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చాలావరకు ఆ ముక్కలు కొన్నాళ్ళకి కనిపించకుండా పోతాయి. కానీ అది పోయిందని ఊరుకోకుండా, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గుండె, మెడ నరాలు చూపించుకోవాలి. పొగాకు మానాలి.

మా అమ్మకి ఆ నెలలోనే మెడ ఆపరేషన్ అయింది. నడుస్తోంది, వంట చేస్తోంది. కొన్ని మాటలు వెతుక్కుంటుంది. వాకిట్లో ముగ్గు వేస్తే గీత వంకర పోతుందని పని అమ్మాయి చేత వేయిస్తోంది.

మన పెద్దవాళ్ళు దూరాన ఉన్న కూతురికి బెంగ పెట్టకూడదని సగం చెప్పరు. చెప్పినా కూరగాయల మధ్యలో చెప్తారు. ఇవాళ ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగాక ఇంకొక్కటి అడగండి: "ఈ మధ్య ఎప్పుడైనా ఒక కంటికి కాసేపు చీకటి పడిందా?" అవునంటే ఫోన్ పెట్టేసి, ఆ ఊళ్ళో బండి తియ్యగలిగిన మనిషి ఎవరో వాళ్ళకి ఆ నిమిషమే ఫోన్ చెయ్యండి.